తలుపుల కోసం కొన్న చెక్క తేమ మీటరు: ఎనిమిది నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, నేను వడ్రంగినీ కాదు, కలప వ్యాపారినీ కాదు. రాజమండ్రికి అరగంట దూరంలో ఒక పల్లెలో ఇల్లు కట్టుకుంటున్నవాణ్ణి, అంతకు ముందోసారి తలుపుల దగ్గర చేతులు కాల్చుకున్నవాణ్ణి. ఆ మంటతో కొన్న వస్తువు ఇది. టార్చిలైటంత ఉంటుంది, ముందు రెండు సూదులు, మధ్యలో చిన్న డిస్‌ప్లే. సూదుల్ని చెక్కలో గుచ్చితే అందులో నీరు ఎంత శాతం ఉందో అంకె చూపిస్తుంది. ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ రేటులో దొరికేవన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, స్టిక్కరు ఒక్కటే తేడా.

ఆరేళ్ల కిందట పాత ఇంటికి రెండు గదులు కలిపి వేయించాం. ఒక కలప అడితికి వెళ్తే "బాగా ఆరిన టేకండి, మూడేళ్ల సరుకు, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు. నేను నిజంగానే కళ్లు మూసుకుని తెచ్చుకున్నాను. మాఘమాసంలో తలుపులు బిగించాం, వార్నిష్ కూడా కొట్టించాం, చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. వైశాఖం వచ్చేసరికి పలకకీ ఫ్రేముకీ మధ్య సందు ఎంత పెరిగిందంటే, రాత్రిపూట పక్క గదిలో ట్యూబులైటు వేస్తే మా మంచం మీద సన్నటి వెలుగు గీత పడేది. ఒక తలుపు మెలి తిరిగి గడియ పడటం మానేసింది. వెళ్లి అడిగితే ఆయన ఏ మాత్రం తొణక్కుండా "చెక్కన్నాక కదులుద్దండి బాబూ, ప్రాణమున్న వస్తువు" అన్నాడు. ప్రాణం పోయాకే కదా కోసింది అందామనుకుని ఊరుకున్నాను.

ఈ ఇల్లు మొదలుపెట్టినప్పుడు ఆ కథంతా మా అక్క కూతురికి చెప్పాను. తను డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో వుడ్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. 1906లో మొదలైన సంస్థ అది, 1991 నుంచి డీమ్డ్ యూనివర్సిటీ. చేరిన కొత్తలో "కట్టెల మీద కూడా ఎమ్మెస్సీ ఉంటుందా" అని ఆటపట్టించినవాళ్లలో నేనూ ఉన్నాను. వాళ్ల మ్యూజియంలో ఏడు వందల ఏళ్లు దాటిన దేవదారు మాను అడ్డకోత ఒకటి ఉంటుంది, దాని పక్కన నిలబడి దిగిన ఫొటో పంపింది, అప్పటికి గానీ నా నోరు మూతపడలేదు. నా కథ విని తను అడిగింది ఒక్కటే ప్రశ్న.

"ఎంత ఆరిందో అడిగావా మావయ్యా?"

"అడగడమేంటే, మూడేళ్లన్నాడుగా."

"ఏళ్లు కాదు మావయ్యా, శాతం."

ఆ వారమే మీటరు ఆర్డరు పెట్టాను.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పాలి, అది తెలియకపోతే మీటరు చూపించే అంకెకి అర్థం ఉండదు. తడి తువ్వాలు పిండితే కారే నీరు ఒకటి, ఎంత పిండినా గుడ్డలో మిగిలే చెమ్మ ఇంకొకటి. చెక్కలోనూ అంతే, కణాల లోపలి బోలులో ఉండే నీరు ఒకటి, కణం గోడల్లోకి ఇంకిన చెమ్మ ఒకటి. మొదటిది పోతున్నంత కాలం చెక్క బరువు తగ్గుతుంది తప్ప సైజు పెద్దగా మారదు. అది అయిపోయి గోడల్లో చెమ్మ పోవడం మొదలయ్యాకే చెక్క ముడుచుకుంటుంది. ఆ గీత చాలా కలపల్లో 25 నుంచి 30 శాతం మధ్య ఉంటుంది. దాన్ని ఫైబర్ శాచురేషన్ పాయింట్ అంటారట. ఆ శాతం కూడా ఎండిన చెక్క బరువు మీద లెక్కేస్తారు కాబట్టి పచ్చి చెక్కలో తేమ వంద దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ముడుచుకోవడం కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడుగునా దాదాపు ఏమీ ఉండదు, అడ్డకోతలో కనపడే వలయాల వెంబడి మాత్రం ఆ వలయాలకి అడ్డంగా ఉన్నదానికి సుమారు రెట్టింపు. టేకు చాలా నెమ్మదస్తురాలు, పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేదాకా చూస్తే వలయాల వెంబడి 5.8 శాతం, అడ్డంగా 2.5 శాతం. అలాంటి టేకుకే, 25 శాతం తేమ దగ్గర బిగించిన పది అంగుళాల పలక 13కి దిగితే దాదాపు ఆరు మిల్లీమీటర్లు పోతుంది. మా మంచం మీద వెలుగు గీత ఎక్కడిదో ఈ లెక్క చేశాక అర్థమైంది. అడితి ఆయన అమ్మింది టేకే, అందులో మోసం లేదు. ఆరలేదంతే.

మరి ఎంత ఆరాలి? మీ ఊరి గాలి ఎంతంటే అంత. గాలిలో తేమ 65 శాతం ఉంటే చెక్క 12 దగ్గర నిలబడుతుంది, 80 అయితే 16 దగ్గర, 40కి పడిపోతే ఏడున్నరకి దిగుతుంది. (అమెరికాలో మాడిసన్ ఊళ్లో, విస్కాన్సిన్ యూనివర్సిటీ తోడుగా అక్కడి ప్రభుత్వం 1910లో పెట్టిన కలప పరిశోధనశాల వాళ్ల పట్టికలోవి ఈ అంకెలు, నా సొంతం కాదు.) మన దేశానికైతే ఐఎస్ 287 అని ప్రమాణం ఉంది, దేశాన్ని గాలి తేమని బట్టి నాలుగు మండలాలు చేసి, రెండంగుళాలూ అంతకంటే మందం ఉన్న తలుపు చెక్కకి పొడి ప్రాంతంలో 10, బాగా తేమగా ఉండే ప్రాంతంలో 16 దాకా పర్లేదంటుంది, సన్నటి చెక్కకి ఇంకో రెండు తగ్గించమంటుంది. అందుకే మా కోనసీమ వైపు చేయించి హైదరాబాద్ ఫ్లాటుకి లారీలో పంపిన తలుపులు అక్కడ ఏసీ గదిలో పగిలాయని ఎవరైనా ఏడిస్తే వడ్రంగిని తిట్టకండి.

సరే, మీటరు సంగతి. లోపల 9 వోల్టుల బ్యాటరీ, రెండు సూదుల మధ్య కరెంటుకి చెక్క ఎంత అడ్డుపడుతోందో కొలుస్తుంది. పొడి చెక్కలో కరెంటు సరిగ్గా పోదు, తేమ పెరిగే కొద్దీ సులువుగా పోతుంది, దాన్నే శాతంగా మార్చి చూపిస్తుంది. మూతలోనే చిన్న పరీక్ష బిళ్ల ఉంది, సూదులు దానికి ఆనిస్తే పెట్టె మీద రాసిన అంకె రావాలి. నాకు వచ్చింది. హోల్డ్ బటన్ ఉండటం మంచిదే, ద్వారబంధం కింద మోకాళ్ల మీద కూర్చుని గుచ్చినప్పుడు డిస్‌ప్లే కనపడదు మరి.

మొదటిసారి జేబులో వేసుకుని మూడు అడితిలు తిరిగాను. మొదటి చోట చూడనివ్వనే లేదు. "మిషన్లతో కలప కొనేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాం, వేలితో కొడితే తెలిసిపోద్దండి" అన్నారు. రెండో చోట ఎండలో ఆరబెట్టిన పలక ఇచ్చారు, పైన గుచ్చితే 14 చూపించింది, నేను సంబరపడిపోయి బేరం మొదలుపెట్టాను. పక్కనే ఉన్న మా మేస్త్రి మెల్లగా "అడ్డంగా కోయించి లోపల చూద్దామండీ" అన్నాడు. కోస్తే లోపల 24. పైన నాలుగు రోజులు ఎండ తగిలితే చాలు, సూది దిగే సెంటీమీటరులోపు పొడిగానే ఉంటుంది, అసలు సంగతి నడిమధ్యలో ఉంటుంది. చివర్ల దగ్గర కూడా అంతే, చెక్క కొసల నుంచి తొందరగా ఆరుతుంది కాబట్టి కొస నుంచి అడుగున్నరైనా లోపలికి వచ్చి గుచ్చకపోతే అది మిమ్మల్ని మోసం చేసినట్టే. మూడో అడితి ఆయన మాత్రం నవ్వి సొరుగులోంచి తన మీటరు తీశాడు. రెండూ పక్కపక్కన గుచ్చాం, అర శాతం తేడా. టేకు ఆయన దగ్గరే తీసుకున్నాను, సీఎఫ్‌టీకి (ఘనపుటడుగుకి) కొంచెం ఎక్కువే పడింది.

ఐదంగుళాలు మూడంగుళాల ద్వారబంధం చెక్కకి ఈ సూదులు చాలవు. దానికి మేనకోడలు చెప్పిన ఉపాయం, రెండు సన్నటి మేకులు సూదుల దూరంలోనే లోపలికి దిగ్గొట్టి వాటి తలల మీద సూదులు ఆనించడం. మేకు తగిలినంత మేర ఎక్కడ ఎక్కువ తడి ఉంటే ఆ అంకే వస్తుంది, మనకి కావాల్సిందీ అదే. వాన పడి పైన తడిసిన చెక్కకి మాత్రం ఇది పనికిరాదు, పైతడినే చూపించి భయపెడుతుంది.

ఇంతకీ దీన్ని నమ్మొచ్చా అన్నదే నా పెద్ద అనుమానం. యూనివర్సిటీ ల్యాబుల్లో దీనికి పరీక్ష చాలా పాతది, సులువైనది. ముక్క కోసి తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకు ఉంచి, మళ్లీ తూచడమే. మా ఇంట్లో ఓటీజీ (వంటింటి చిన్న కరెంటు ఓవెన్) ఉంది, పిండి తూచే కాటా ఉంది. ఏప్రిల్లో ఒక ఆదివారం మొదలుపెట్టాను. మా ఆవిడ వచ్చి చూసి "ఏవండీ, అది బిస్కెట్లు చేసుకునేది, మీ పుల్లలు ఎండబెట్టడానికి కాదు" అంది. టేకు ముక్క 212 గ్రాములు ఉన్నది మంగళవారానికి 186 దగ్గర ఆగింది, అంటే 14 శాతం. అదే ముక్క మీద మీటరు 15.5 అంది. వేప ముక్క 248 నుంచి 201కి దిగింది, అంటే 23.4, మీటరు చూపించింది 26. ఓటీజీ ముల్లు సరిగ్గా 103 దగ్గరే నిలుస్తుందని చెప్పలేను గానీ ఇంటి పరీక్షకి చాలు. ఆ తర్వాత వారం రోజులు అందులో ఏం చేసినా వేపచెక్క వాసనే, దానికి నేనే బాధ్యుణ్ణి.

తేడా ఎందుకొచ్చిందంటే రెండు కారణాలు. ఈ మీటర్ల లెక్క మొదట్లో డగ్లస్ ఫర్ అనే అమెరికా కలప మీద, ఇరవై డిగ్రీల చల్లదనంలో కట్టింది. మన ఎండకి చెక్క వేడెక్కితే కరెంటు ఇంకా సులువుగా పోతుంది, అంకె ఒకటి రెండు పెరుగుతుంది. నేను కొలిచింది మధ్యాహ్నం 39 డిగ్రీల్లో. అదే చెక్కని మర్నాడు పొద్దున్నే ఆరింటికి గుచ్చితే ఒక శాతం తక్కువ చూపించింది. రెండో కారణం చెట్టు జాతి. మీటరుతో వచ్చిన కాగితంలో కలపల పేర్లు చీమ తలకాయంత అక్షరాలతో రెండు పేజీలున్నాయి, అందులో వేప లేదు, నల్లమద్ది లేదు, వేగిస లేదు, తుమ్మ లేదు. మన దగ్గర అమ్మే వస్తువు మీద మన చెట్లు లేకపోవడం ఏంటో! ఆ పట్టిక ఎక్కడైనా తెలుగులో అచ్చేసి పెట్టెలో పెడితే ఈ మీటరుకి ఇంకో వంద ఎక్కువ పెట్టడానికి నేను రెడీ.

ఇంకో జాగ్రత్త, చెద పట్టకుండా ఉప్పు మందులు పట్టించిన చెక్కలో ఇది ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఉప్పు కరెంటుని సులువుగా పోనిస్తుంది. 30 దాటాక చూపించే అంకెలు, ఆరుకి దిగువ చూపించే అంకెలు అలంకారానికే అనుకోండి. గోడకి ఆనించి "గోడలో 18 శాతం తేమ ఉంది" అనేవాళ్లనీ నమ్మొద్దు. గోడ చెక్క కాదు కదా, ఏ గోడ తడిగా ఉంది ఏది పొడిగా ఉంది అన్నంత వరకే. నా మీటరు సూది ఒకటి నాలుగో నెలలోనే వంగింది. తుమ్మ చెక్కలో గట్టిగా నొక్కాను, తప్పు నాదే. పెట్టెలో రెండు అదనపు సూదులు ఇచ్చారు, అవి అయిపోతే విడిగా ఎక్కడా దొరకలేదు. ఒకసారి ఆఫ్ చేయడం మర్చిపోతే బ్యాటరీ తెల్లారేసరికి చచ్చింది, దానంతట అదే ఆరిపోతుందని పెట్టె మీద రాసి ఉంది మరి.

ఇంత నస పెట్టినా నాకు ఈ మీటరు ఎందుకు నచ్చిందంటే వేప వల్ల. కిందటి అక్టోబరు గాలివానకి పెరట్లో మా తాతలనాటి వేపమాను పడిపోయింది. కట్టెల వ్యాపారి వచ్చి వంటచెరుకు రేటు చెప్పాడు. మేనకోడలికి ఫోన్లో చెబితే అంతెత్తున లేచింది. "టేకు కోసం సముద్రాలు దాటి పోతున్నాం, పెరట్లో వేపని పొయ్యిలో పెడతానంటావేంటి మావయ్యా" అంది. తనన్నది ఆలోచిస్తే నిజమే. 1996లో సుప్రీంకోర్టు ఆర్డరు తర్వాత మన అడవుల్లో చెట్లు కొట్టడం బాగా తగ్గింది, 2014లో మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది, ఇప్పుడు అడితిలో టేకు చూపించినప్పుడు ఏ దేశానిదని అడగండి, ఘనా అనో ఈక్వడార్ అనో పనామా అనో వినిపిస్తుంది. ఇటుపక్క మన జామాయిల్, సరుగుడు, సుబాబుల్ లారీలకెక్కి కాగితం మిల్లులకి పోతాయి. జామాయిల్ కోస్తుంటేనే చీలిపోతుంది, మానులో బిగువు అలాంటిది, ఆరబెట్టేటప్పుడు కుంగిపోతుంది కూడా. అలాంటివాటిని తలుపులకీ బల్లలకీ ఎలా పనికొచ్చేలా చేయాలా అన్నదే డెహ్రాడూన్‌లో, బెంగళూరు మల్లేశ్వరంలో ఉన్న కలప సంస్థలో, ఇలాంటి చోట్ల జరిగే పని. రబ్బరు చెట్టునే చూడండి, పాతిక ముప్పై ఏళ్లకి పాలు తగ్గగానే కొట్టేసి ఒకప్పుడు కట్టెల కింద అమ్మేవాళ్లు. బోరాన్ మందు పట్టించి, బట్టీలో సరిగ్గా ఆరబెట్టడం నేర్చుకున్నాక అదే ఇవాళ షోరూముల్లో డైనింగ్ టేబులు. చెట్టు మారలేదు, ఆరబెట్టడం మారింది. పైగా ఎండిన కలప బరువులో సుమారు సగం కార్బనే, పొయ్యిలో పెడితే అదంతా ఒక్క పూటలో గాల్లోకి పోతుంది, తలుపుగా ఉంటే మనవడి దాకా ఇంట్లోనే ఉంటుంది.

అలా వేపని సామిల్లులో అంగుళంన్నర పలకలుగా కోయించాను. చివర్లకి మిగిలిపోయిన పెయింటు పూసి, కొట్టాం నీడలో ఒక్కో వరసకీ మధ్య ఒకే మందం పుల్లలు పెట్టి పేర్చాం, పైన రాళ్లు పెట్టాం. మా మేస్త్రికి మొదట్లో నచ్చలేదు, "వేప వంకర పోద్దండి, తర్వాత నన్నంటారు" అన్నాడు. ఫిబ్రవరిలో మీటరు వచ్చిన రోజు గుచ్చితే 34 అంది, అంటే దానికీ తెలియదన్నమాట. ఏప్రిల్లో 26. ఎండలకి జులై మొదట్లో 19 దాకా దిగింది. ఆగస్టు ముసురుకి ఒకటి పైకెక్కింది, అప్పుడు మాత్రం నాకు టెన్షన్ వచ్చింది, గాలితో పాటు చెక్క కూడా కదులుతుందని అంతకు ముందు చదివినా కళ్లతో చూడటం వేరు. ఇవాళ పొద్దున్న 17. పన్నెండు పలకల్లో రెండు మెలి తిరిగాయి, ఒకటి కొస దగ్గర నెర్రె ఇచ్చింది, తొమ్మిది నిటారుగా ఉన్నాయి. నెలకోసారి పలక వెనక సుద్దతో తేదీ, అంకె రాసుకుంటున్నాను. ఈ మధ్య నేను మర్చిపోతే మేస్త్రే గుర్తు చేసి మీటరు అడిగి తీసుకుంటున్నాడు, ఆయనకి వేరే ఇళ్ల పనులు కూడా ఉన్నాయి కదా, పోయిన వారం తీసుకెళ్లింది ఇంకా తిరిగి రాలేదు, ఇవాళ్టి 17 కూడా ఆయన వచ్చి గుచ్చి చెప్పి వెళ్లిందే.

స్టార్లు ఇమ్మంటే నాలుగు. సూదులు, కాగితం, బ్యాటరీ కలిపి ఒకటి కోశాను. రెడీమేడ్ ఫ్లష్ డోర్లు కొనేవాళ్లకి దీంతో పనిలేదు. లక్షలు పెట్టి కలప కొనేవాళ్లు మాత్రం అడితికి వెళ్లేముందు ఎవరిదగ్గరైనా అరువడిగైనా తీసుకెళ్లండి, ఒక పలక అడ్డంగా కోయించి లోపల గుచ్చండి, కోయనివ్వకపోతే పక్క అడితికి వెళ్లండి. వేప తలుపులు మాఘమాసంలో చేయిద్దామని అనుకున్నాం, 14కి దిగితేనే. దిగకపోతే గుమ్మానికి ఇంకో రెండు నెలలు గోనెపట్టాయే.